గనుల పక్క బోరునీళ్లు: తవ్వకం వాటా ఎంత, నేల వాటా ఎంత?

విళాత్తికుళం తాలూకాలో వైప్పారు నది మన్నారు సింధుశాఖలో కలిసే తీరాన, అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, రూటైల్, వాటితోపాటు పిసరంత మోనజైట్. థోరియమూ, కాస్త యురేనియమూ ఉండేది ఆ పిసరంత దాంట్లోనే. 2013 ఆగస్టు మొదటి వారంలో ఈ తీరంలో ఖనిజ ఇసుకను అక్రమంగా తవ్వుతున్నారన్న ఫిర్యాదులపై జిల్లా అధికారులు సోదాలు జరిపారు. వెంటనే కలెక్టరుకు బదిలీ అయింది. ఆ దుమారం చల్లారకముందే తమిళనాడు ప్రభుత్వం తూత్తుకుడి జిల్లాలో తవ్వకాలు ఆపించి, ఐఏఎస్ అధికారి గగన్‌దీప్ సింగ్ బేడీ ఆధ్వర్యంలో విచారణ బృందాన్ని వేసింది. సెప్టెంబరులో ఆ నిలుపుదలను తిరునెల్వేలి, కన్యాకుమారి జిల్లాలకూ పొడిగించింది. 2025 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ఈ వ్యవహారాన్ని సీబీఐకి అప్పగిస్తూ రూ. 5,832 కోట్లు రాబట్టమని ఆదేశించింది.

ఇన్నేళ్ల వ్యాజ్యంలో ప్రధానంగా నలిగింది లీజులు, రాయల్టీలు, మాయమైన నిల్వలు. ఊళ్లలో జనం అడిగేది వేరు: మా నీళ్లు మంచివేనా? కోవిల్పట్టి, విరుదునగర్, విళాత్తికుళం చుట్టూ ఉన్న కరిసల్ (నల్లరేగడి) సీమలో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కథకుడు కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసేవల్ కూడా ఇక్కడిదే. వీళ్లకు దాదాపు ఆరువందల కిలోమీటర్ల ఉత్తరాన, కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులూ అదే ప్రశ్న వేస్తున్నారు. రెండు చోట్లా ఊరివాళ్ల మాట ఒకటే: తవ్వకాలు మొదలయ్యాకే నీళ్లు చెడ్డాయి. రెండు చోట్లా పైవాళ్ల జవాబూ ఒకటే: నేలలో ముందునుంచీ ఉన్నదే. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కాకపోతే ఆ ప్రశ్నకు ఆ జవాబు జవాబు కాదు. ఇరవై ఏళ్లకు పైగా ముడిపడిపోయిన ఈ చర్చలో ఏ పోగు ఎక్కడిదో విడదీసి చూడటం ఈ వ్యాసం పని.

మోనజైట్ తీరు వేరు, డోలోమైట్ తీరు వేరు

మోనజైట్ థోరియం, అరుదైన మృత్తికా మూలకాలు కలిసిన ఫాస్ఫేట్. కొండల్లో రాళ్లు చివికి, నదుల్లో దొర్లి, సముద్రపు పోటుకు నలిగీ కరగకుండా తీరానికి చేరిందంటేనే దాని మొండితనం తెలుస్తుంది. మన తీరాల మోనజైట్‌లో థోరియం ఆక్సైడు 8 నుంచి 10 శాతం, యురేనియం ఆక్సైడు 0.35 శాతం దాకా ఉంటాయి. థోరియం నీళ్లలో దాదాపుగా కరగదు. అందుచేత నల్లిసుక మేట మీద గామా మీటరు ఎంత గట్టిగా మోగినా, పక్క బావి నీళ్లు కూడా అంతే రేడియోధార్మికంగా ఉండాలన్న నియమం లేదు. థోరియం క్షీణించి పుట్టే సంతతిలో నీళ్లలోకి దిగగలిగేది రేడియం-228. ఉప్పదనం పెరిగేకొద్దీ అది మట్టిని వదిలి నీళ్లలోకి తేలిగ్గా వస్తుంది. ఇసుక తోడేసి సముద్రపు నీళ్లు లోపలికి చొరబడిన తీరపు బావుల్లో వెతకవలసింది దాన్నే. మీటరు పట్టుకుని ఇసుక మీద నడిస్తే ఆ సంగతి తెలియదు.

మోనజైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి విడగొట్టే చోట కథ మారిపోతుంది. కేరళలో ఆలువా దగ్గర ఉద్యోగమండల్‌లో 1952లో మొదలైన కర్మాగారం ఈ పనికే పెట్టింది. తీరంలో ఇసుకను వేరుచేసినప్పుడు చెక్కుచెదరని ఖనిజం అలాంటి చోట విడిపోతుంది, రేడియం దాని పట్టు వదిలించుకుంటుంది. ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టి వాదించడం వల్ల తమిళనాడు తీరంలో చర్చ చాలాసార్లు దారి తప్పింది.

తుమ్మలపల్లె రాయి డోలోమైట్. సున్నపురాయి జాతి కాబట్టి ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది. అందుకే జార్ఖండ్‌లోని జాదూగూడలో లాగా సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడరు. సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో, వేడిమీద, ఒత్తిడిలో యురేనియం లాగుతారు. దేశంలో ఈ క్షార పద్ధతిన నడిచే మొదటి కర్మాగారం ఇదే. చిక్కంతా ఆ రసాయనంలోనే ఉంది. కార్బొనేట్‌తో జతకట్టిన యురేనియం మట్టి రేణువులకు అంటుకోదు. కాల్షియం కూడా తోడైతే మరీ జారుడు, నీళ్లు ఎటు పోతే అటే పోతుంది. కర్మాగారానికి ఉపకారం చేసే ఈ గుణమే, వ్యర్థాల చెరువు కట్ట దాటితే ఊరి బోరుకు అపకారం చేస్తుంది.

పరిమాణం కూడా గుర్తుంచుకోవాలి. రోజుకు 3,000 టన్నుల రాయి నలగగొట్టే సామర్థ్యంతో కట్టారు. ఆ రాతిలో యురేనియం వెయ్యికి అరపాలు కూడా ఉండదు. అంటే తవ్విందంతా దాదాపు అలాగే బురదగా మారి టెయిల్‌పాండ్ అనే ఆ వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసేసినా, మొదట రాతిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే మిగులుతుంది. అందులోని థోరియం-230 అర్ధాయువు 75 వేల ఏళ్ల పైమాట, రేడియం-226ది 1,600 ఏళ్లు.

జాదూగూడ నుంచి కప్పట్రాళ్ల దాకా

మన దేశంలో ఈ తగవుకు మూలస్థానం జాదూగూడ. 1967లో గని మొదలైంది. 1990లలో ఆదివాసీ సంఘాలు పుట్టుకతో వచ్చే లోపాల గురించి, గర్భస్రావాల గురించి గొంతెత్తాయి. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో కొట్టివేతకు గురైంది. 2006 డిసెంబరు 24న వ్యర్థాల గొట్టం పగిలి బురద వాగులో కలిసింది. మరుసటి ఏడాది శాంతి, అభివృద్ధి కోరే భారతీయ వైద్యుల సంఘం సర్వే చేసి, గని దగ్గరి ఊళ్లలో జన్మలోపాలు దూరపు ఊళ్లకంటే ఎక్కువని చెప్పింది. అణుశక్తి శాఖ పక్షం ఒప్పుకోలేదు. అప్పటినుంచి ఏ రాష్ట్రంలో గని మాట వచ్చినా రెండు పక్షాలూ జాదూగూడనే సాక్ష్యంగా పిలుస్తున్నాయి, చెరో వైపు నుంచి.

తెలుగునేలకు ఈ చర్చ నల్లగొండ దారిన వచ్చింది. లంబాపూర్-పెద్దగట్టు దగ్గర గనికి 2003 ఆగస్టు 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పక్కనే నాగార్జునసాగర్ జలాశయం. అప్పటికే ఫ్లోరైడుతో నడుములు వంగిన జిల్లా అది. ఎన్నాళ్లకూ ఆ గని మొదలు కాలేదు. కడపలో మాత్రం పని ముందుకు సాగింది. 2007 నవంబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2011 జులైలో అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ అక్కడ 49,000 టన్నుల నిల్వ ఖాయమని, లక్షన్నర టన్నుల దాకా ఉండవచ్చని ప్రకటించారు. 2012 ఏప్రిల్‌లో కర్మాగారం నడక మొదలెట్టింది.

2018 నాటికి కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె వంటి ఊళ్లలో అరటి తోటలు ఎండుతున్నాయని, చేలమీద తెల్లటి పొర పేరుకుంటోందని రైతులు రోడ్డెక్కారు. హైదరాబాదులో రసాయన శాస్త్రవేత్తగా పదవీ విరమణ చేసిన కె. బాబూరావు టెయిల్‌పాండ్ అడుగున ఉండవలసిన పొర లేదని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేశారు. మండలి అనుమతి పత్రంలో బెంటొనైట్ బంకమట్టి పొర, దానిమీద పాలిథీన్ పరచాలన్న షరతు ఉంది. గని నడిపే ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ వాదన వేరు: అక్కడి బంకమట్టినే దిమ్మిసకొట్టి గట్టిపరిచాం, నీళ్లు ఇంకే వేగం నిర్ణీత హద్దుకు లోపే ఉంది, అణు నియంత్రణ బోర్డు షరతులు పాటించాం. మండలి నోటీసులు ఇచ్చింది, నిపుణుల కమిటీ వచ్చింది. ఒక చెరువుకు రెండు నియంత్రణ సంస్థలు, రెండు కొలమానాలు. ఈ చిక్కు తుమ్మలపల్లెతో పోయేది కాదు.

2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల అన్వేషణ ప్రతిపాదన నల్లమలను కదిలించింది. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్లు వేసి చూస్తామన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లు రహదారి దిగ్బంధం చేస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. పెద్దగట్టులో జనం నోరు విప్పడానికి దొరికిన ఆ ఒక్క వేదిక కూడా ఇకముందు ఊళ్లకు దక్కదు.

ఒకే నీళ్లు, ఐదారు హద్దులు

పత్రికల్లో యురేనియం అంకె కనిపించగానే పాఠకుడు అడిగేది, ఎంత దాటితే ప్రమాదం? ఇక్కడ స్థిరమైన గీత లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు అంది, 2004లో 15, 2011లో 30. అమెరికా 30. జర్మనీ 10. మన అణు నియంత్రణ బోర్డు 2004లో 60. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో తర్వాతి సవరణతో 30 చేర్చింది. అంటే లీటరుకు 45 మైక్రోగ్రాములున్న బోరు ఒక కార్యాలయం లెక్కలో మంచిది, ఇంకొకరి లెక్కలో చెడ్డది.

ఈ తేడాకు కారణం యురేనియానికి రెండు విషగుణాలు ఉండటం. ఒకటి రేడియోధార్మికత, రెండోది సీసం, కాడ్మియం వంటి భారలోహపు గుణం. లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. 30 మైక్రోగ్రాముల యురేనియం ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు ఏడాదంతా తాగితే ఒంటికి అందే వికిరణ మోతాదు సుమారు 0.025 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి ప్రపంచంలో మనిషికి సగటున ఏటా అందేది 2.4. వికిరణం కొలతతో చూస్తే ఆ నీళ్లకు భయపడనక్కర్లేదు. యురేనియం-238కు ప్రపంచ ఆరోగ్య సంస్థ వికిరణ పరంగా ఇచ్చిన హద్దు లీటరుకు 10 బెకెరెల్, తూకంలో అది దాదాపు 800 మైక్రోగ్రాములు. కానీ అంతకు ఎంతో ముందే మూత్రపిండానికి రసాయన ముప్పు మొదలవుతుంది. కాబట్టి నీళ్లలో యురేనియాన్ని గీగర్ మీటరుతో కొలిచి ఏమీ లేదనడం, ఏదో ఉందనడం, రెండూ పప్పులో కాలేయడమే. ఈ చర్చలో సగం వేడి తప్పుడు మీటరు నుంచి పుట్టింది.

వికిరణ కోణంలో అసలు కంగారు పడవలసినవి యురేనియం, థోరియంల సంతానం. ఒక్కో బెకెరెల్‌కు రేడియం-226 యురేనియం కంటే ఆరు రెట్లు, రేడియం-228 పదిహేను రెట్లు, పొలోనియం-210 ఇరవై అయిదు రెట్లు ఎక్కువ మోతాదు ఇస్తాయి. ఊళ్లకు అందే పరీక్షా పత్రాల్లో తరచు కనిపించేది మాత్రం యురేనియం ఒక్కటే, ఎందుకంటే కొలవడం సులువు. నీటిలో ఒక రసాయనం కలిపి అతినీలలోహిత కాంతి వేస్తే యురేనియం ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపును కొలిచే చిన్న యంత్రాన్ని బల్లమీద పెట్టుకోవచ్చు. నీళ్లలో ఉప్పు, ఇనుము ఎక్కువైతే మెరుపు మందగిస్తుంది, అంకె తగ్గి కనిపిస్తుంది. శాంపిలును వడగట్టారా, సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్క వేశారా, బోరును కాసేపు నడిపి పట్టారా, గొట్టంలో నిలిచిన నీళ్లే పట్టారా అన్నదాన్నిబట్టి కూడా అంకె మారుతుంది. రెండు బృందాలు ఒకే బోరు నీళ్లు పట్టి పొంతన లేని ఫలితాలు ప్రకటిస్తే ప్రతిసారీ ఎవరో ఒకరు అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు.

మన ప్రమాణాల్లో ఇంకో విడ్డూరం. మొత్తం ఆల్ఫా రేడియోధార్మికత లీటరుకు 0.1 బెకెరెల్ దాటరాదని మన తాగునీటి ప్రమాణం 2012లో పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థది 0.5. యురేనియం 30 మైక్రోగ్రాములుంటే, దాని రెండు ఐసోటోపులు సరిసమానంగా ఉన్నాయనుకున్నా, వాటి ఆల్ఫాయే 0.74 అవుతుంది. అదే ప్రమాణ పత్రం ప్రకారం ఆ నీళ్లు యురేనియంలో పాసై ఆల్ఫాలో ఫెయిలవుతాయి. ఆల్ఫా లెక్కలోంచి యురేనియాన్ని మినహాయించి అమెరికా ఈ ఇరకాటం తప్పించుకుంది.

మూడు వాదాలు

మొదటిది గని వాదం. టెయిల్‌పాండ్ ఊట, పగిలిన గొట్టాలు, గని నుంచి తోడిపోసే నీళ్లు, రాతికుప్పల మీద పడ్డ వాన. దీనికి ప్రపంచంలో బలమైన సాక్ష్యం ఉంది. అమెరికాలో నవాహో ప్రజల నేలమీద 1944 నుంచి 1986 దాకా దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం రాయి తవ్వారు. 500 పైగా పాడుబడ్డ గనులు మిగిలాయి. 1979 జులై 16న చర్చ్ రాక్ దగ్గర వ్యర్థాల కట్ట తెగి 35 కోట్ల లీటర్ల ఆమ్లజలం ప్యూర్కో వాగులో పడింది. గని నీళ్లను చెడగొట్టగలదా అన్నది ఇక ప్రశ్నే కాదు. ఫలానా గని ఫలానా బోరును చెడగొట్టిందా అన్నది ప్రతిచోటా విడిగా రుజువు కావలసిందే.

రెండోది నేల వాదం. కర్ణాటక తూర్పు జిల్లాల్లో బెంగళూరు శాస్త్రవేత్తలు 73 ఊళ్ల బోర్లు పరీక్షిస్తే 57 ఊళ్లలో 30 మైక్రోగ్రాములు, 48 ఊళ్లలో 60 దాటాయి. కోలారు పరిసరాల్లో వేలల్లో వచ్చిన బోర్లున్నాయి. యురేనియం గని ఒక్కటీ లేదు, ఉన్నది గ్రానైట్. అనంతపురం, చిత్తూరు సరిహద్దు తెలుగువాళ్లకు ఆ రాయి పరాయిది కాదు. నల్లగొండలో గని రానే లేదు, అయినా అన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి బావుల్లో 0.2 నుంచి 68 మైక్రోగ్రాముల దాకా చూశారు, ఐదో వంతు శాంపిళ్లు 30 పైన ఉన్నాయి. కేంద్ర భూగర్భజల మండలి 2020లో వెలువరించిన నివేదికలో 18 రాష్ట్రాల్లోని 151 జిల్లాలు పాక్షికంగా ఈ చిక్కులో ఉన్నాయి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి.

మూడో వాదం గనినీ పట్టుకోదు, నేలనూ పట్టుకోదు, బోరును పట్టుకుంటుంది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన అవ్నర్ వెంగోష్ బృందం 2018లో రాజస్థాన్, గుజరాత్ బావులను పరీక్షించి చెప్పింది ఇది: యురేనియం రాతిదే, దాన్ని నీళ్లలోకి దింపుతున్నది మాత్రం మనం. నీటిమట్టం పడిపోయిన పొరల్లోకి గాలి చేరి, యురేనియం కరిగే రూపంలోకి మారుతుంది. ఎరువుల నైట్రేటు అదే పని చేస్తుంది. బైకార్బొనేట్ దాన్ని మోసుకుపోతుంది. పంజాబ్ మాల్వాలో మొదట యుద్ధాయుధాల యురేనియం అనుమానం రేగి, తర్వాత అది సహజమైనదేనని తేలిన ఉదంతం కూడా ఈ వాదానికే బలం చేకూర్చింది. కరిసల్ సీమలో, రాయలసీమలో వందల అడుగులకు దిగుతున్న బోర్ల లెక్క చూస్తే దీన్ని తోసిపుచ్చలేం.

ఈ మూడింటినీ ఒకదానికొకటి ఎదురు నిలబెట్టడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. తుమ్మలపల్లె నేలలో యురేనియం సహజంగానే ఉంది. లేకపోతే అక్కడ గనే వచ్చేది కాదు. సహజంగా ఎక్కువ ఉన్న చోటే తవ్వకానికి దిగినప్పుడు, సహజమే కదా అన్న జవాబు గని బాధ్యతను పెంచుతుందే గాని తగ్గించదు. మూడు వాటాలను విడదీసే పనిముట్లు కూడా శాస్త్రం దగ్గర ఉన్నాయి. మామూలు భూగర్భజలంలో యురేనియం-234, యురేనియం-238 కంటే రేడియోధార్మికతలో తరచు ఎక్కువ పాళ్లలో ఉంటుంది, ఎందుకంటే రాతినుంచి అది తేలిగ్గా ఊడివస్తుంది. కర్మాగారంలో రాయిని నలగగొట్టి యురేనియాన్ని రసాయనంతో లాగగా మిగిలిన వ్యర్థజలంలో రెండూ ఇంచుమించు సమానం. సోడియం, సల్ఫేటు, కార్బొనేటు పాళ్లు కూడా తోడైతే బోరు నీళ్లలో టెయిల్‌పాండ్ వాటా ఉందో లేదో చాలావరకు చెప్పవచ్చు. అరటి తోటల మీది తెల్లపొర విషయంలోనూ ఇదే. మొక్కను ముందు చంపేది సోడియం తెచ్చే చౌడు. యురేనియం లేదని తేలినంత మాత్రాన రైతు నష్టానికి గని కారణం కాదని తేలినట్టు కాదు.

ఒంటికి ఏమవుతుంది

తాగునీటి యురేనియంలో ఎక్కువ భాగం పేగుల్లో ఇంకకుండానే బయటికి పోతుంది. రక్తంలో చేరిన కాస్తలో చాలావరకు మూత్రం దారి పడుతుంది, మిగిలింది ఎముకలో, మూత్రపిండంలో నిలుస్తుంది. మూత్రపిండపు సూక్ష్మనాళికల మొదటి భాగమే దాని దెబ్బ తినే చోటు. ఫిన్లాండ్‌లో గ్రానైట్ బోర్లు వాడే 325 మందిని 2002లో పరీక్షిస్తే, యురేనియం పెరిగేకొద్దీ మూత్రంలో కాల్షియం పోవడం కొంచెం పెరిగింది. వడపోత సామర్థ్యం మాత్రం చెడలేదు. 2006లో 193 మందిపై చేసిన మరో అధ్యయనంలో కణాలు దెబ్బతిన్న గుర్తులు స్పష్టంగా దొరకలేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు సడలించడం వెనుక ఈ ఫిన్లాండ్ పనే ఉంది.

చల్లటి దేశంలో, మంచి తిండి తినేవాళ్ల మీద వచ్చిన ఫలితాన్ని ఎండలో పొలం పనిచేసి రోజుకు నాలుగైదు లీటర్లు తాగే కూలీకి వర్తింపజేయడం ఎంతవరకు సబబు? రెండు లీటర్ల లెక్కతో కట్టిన హద్దు కోవిల్పట్టి వేసవికి చాలదు. పైగా మన బోర్లలో యురేనియం ఒంటరిగా రాదు. ఫ్లోరైడు, నైట్రేటు, ఉప్పు వెంట ఉంటాయి. ఇవన్నీ కలిసి మూత్రపిండాన్ని ఏం చేస్తాయన్న దానిమీద మన దగ్గర చెప్పుకోదగ్గ పనే లేదు.

క్యాన్సర్ విషయంలో రెండు సంగతులు కలిసిపోతుంటాయి. గనిలోపల రేడాన్ పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందన్నది నిర్వివాదం. అది గాలి దారి. నీటి దారిన యురేనియం తాగినవాళ్లకు క్యాన్సర్ పెరిగిందన్న రుజువు బలహీనం. ఫిన్లాండ్‌లోనే బోరునీళ్లకూ రక్తక్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు. మోనజైట్ తీరం విషయానికొస్తే, కేరళ కరునాగపల్లిలో దాదాపు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనం, నేలనుంచి వచ్చే గామా వల్ల క్యాన్సర్ పెరగలేదని చెప్పింది. తమిళనాడు తీరంలో దీన్ని తరచు తురుపుముక్కలా వాడతారు. అది నేల వికిరణం గురించిన అధ్యయనం, నీళ్ల గురించి కాదు. తవ్వకం లేని స్థితికీ తవ్విన స్థితికీ పోలికా కాదు.

మరి గని ఊళ్లలో జనం చెప్పే క్యాన్సర్లు, చర్మరోగాలు? వాటిని కొట్టిపారేయడానికీ, నమ్మడానికీ అడ్డం ఒకటే, అంకెల చిన్నతనం. మన దేశంలో ఏటా లక్షమందిలో సుమారు వందమందికి క్యాన్సర్ బయటపడుతుంది. రెండువేల జనాభా ఉన్న ఊరికి అది ఏటా ఇద్దరు. ముప్పు ఒకటిన్నర రెట్లయినా ముగ్గురు. ఒక ఏడాది ఒక్కరూ లేక, మరో ఏడాది నలుగురు రావడం మామూలే. కాబట్టి ఒక్క ఊరి లెక్కతో గనిని నిందించలేం, నిర్దోషి అనీ అనలేం. పదిపదిహేను ఊళ్లను కలిపి, అదే నేలమీద ఉన్న దూరపు ఊళ్లతో పోలుస్తూ ఏళ్లతరబడి నమోదు చేస్తేనే ఏదైనా కనబడుతుంది.

ఉద్దానం ఈ విషయంలో హెచ్చరికలాంటిది. శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండ వ్యాధి ఇంత విస్తారంగా ఉందని అందరికీ తెలిసినా, నీళ్లు, సిలికా, భారలోహాలు, ఎండదెబ్బ, పురుగుమందులు అంటూ ఇరవై ఏళ్లకు పైగా వెతికినా, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అయినా ప్రభుత్వం కారణం కోసం ఆగలేదు. రూ. 700 కోట్లతో ఉపరితల జలాల పథకం కట్టి 2023 డిసెంబరులో నీళ్లు వదిలింది. కారణం తేలకుండానే నీళ్లు మార్చవచ్చని ఉద్దానం చూపింది. వేముల మండలంలో మాత్రం, కారణం తేలేదాకా ఏమీ చేయలేమన్నట్టు సాగింది వ్యవహారం.

ఇంకా తేలనివి

అన్నిటికంటే పెద్ద లోటు తవ్వకానికి ముందటి లెక్క. తుమ్మలపల్లె చుట్టూ 2007కు ముందు ఏ బోరులో యురేనియం ఎంత, సోడియం ఎంత అన్న పట్టిక బోరు పేరుతో సహా ఊరివాళ్ల చేతిలో ఉంటే ఈ తగవు మూడొంతులు తీరిపోయేది. అన్వేషణ సమయంలో నీళ్లు పరీక్షించడం అణు ఖనిజాల సంస్థకు మామూలు పనే. రాతికోసం వెతికేవాళ్లు నీళ్లలో జాడ చూడటం ఆ వృత్తిలో పాత పద్ధతి. ఆ అంకెలు 1962 నాటి అణుశక్తి చట్టం నీడలో ఉండిపోయాయి. నిల్వ ఎంతో దాచుకోవడానికి కారణం ఉండవచ్చు. తాగే బోరు లెక్క దాచడానికి ఏ కారణమూ కనిపించదు.

రేడియం, పొలోనియం అంకెలు రెండో లోటు. తీరంలో ఇది మరీ ముఖ్యం. అక్కడ యురేనియం తక్కువ వచ్చినంత మాత్రాన నీళ్లకు పూర్తి మార్కులు వేయలేం. మూడోది, ఆర్‌వో ప్లాంటు. ఊరూరా పెట్టే ఈ యంత్రాలు యురేనియాన్ని తొంభై శాతం పైగా ఆపుతాయి, నిజమే. మరిగించడం ఏమీ చేయదు, పైగా చిక్కబరుస్తుంది. అయితే ఆర్‌వో వదిలే మురికినీళ్లలో ఆ యురేనియమంతా చిక్కబడి ఉంటుంది, అది పోయేది ప్లాంటు వెనక కాలువలోకి, అక్కడినుంచి మళ్లీ అదే నేలలోకి. దాన్ని కొలిచేవాళ్లు లేరు. కోవిల్పట్టికి శీవలప్పేరి నుంచి తామ్రపర్ణి నీళ్లు గొట్టాల్లో వస్తున్నట్టు దూరపు ఉపరితల జలం తెచ్చుకోగలిగిన చోట ఈ బెడద తాగునీటి వరకైనా తప్పుతుంది. పొలానికి, పశువులకు తప్పదు.

నాలుగోది కాలం. టెయిల్‌పాండ్‌కు కాపలా ఎన్నేళ్లు? కంపెనీ లెక్కలో గని ఆయుష్షు దశాబ్దాల్లో, రేడియం లెక్కలో వేల ఏళ్లలో. జర్మనీ తన తూర్పు ప్రాంతపు యురేనియం గనులను 1990లో మూసేసింది. వాటినుంచి ఊరే నీళ్లను శుద్ధిచేయడం ఇప్పటికీ ఆపలేదు, ఖర్చు ఖజానాదే. తుమ్మలపల్లె మూతపడ్డాక ఆ ఖర్చు ఎవరిదన్న దానికి వేముల మండలంలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

2019లో కేంద్రం మోనజైట్ ఉన్న తీరపు ఇసుక తవ్వకాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. కన్యాకుమారి జిల్లా కిల్లియూర్ తాలూకాలో 1,144 హెక్టార్లలో తవ్వడానికి ప్రభుత్వ రంగ సంస్థ సిద్ధమైతే 2024లో తీరప్రాంత జనం అడ్డుపడ్డారు. అక్కడ పలుగు ఇంకా పడలేదు. వైప్పారు, వేంబారు, పెరియసామిపురం తీరంలో 2013 నుంచి అధికారిక తవ్వకం ఆగి ఉంది. అంటే కడపలో చేజారిన పని ఈ రెండు చోట్లా ఇంకా చేతిలోనే ఉంది: ఊరి బావుల్లో యురేనియం, రెండు రేడియంలు, సోడియం ఒక వేసవిలో, ఒక వానకాలం తర్వాత కొలిచి, పంచాయతీ గోడమీద తమిళంలో రాసిపెట్టడం. తూత్తుకుడి, నాగర్‌కోవిల్ కళాశాలల ప్రయోగశాలలకు ఇది తలకు మించిన పనేమీ కాదు.